ఈస్ట్ వర్ధనంలో ప్రోటీన్ దిగుబడి: తెలుగు విజ్ఞాన రచనా భాషపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పికియా అనే ఈస్ట్ హైదరాబాదులో తయారైన రెండు ప్రధాన టీకాలకు ఆధారం. దానిచేత కోరిన ప్రోటీన్‌ను అధికంగా చేయించే నేర్పు చాలావరకు బయోరియాక్టర్ నిర్వహణలో ఉంది. తెలుగులో ఈ విషయాన్ని చెప్పేటప్పుడు వాడే ‘చొప్పించడం’, ‘కర్మాగారం’, ‘కిణ్వనం’, ‘ఉత్పత్తి’ అనే మాటలు ఆ నేర్పును ఎలా మరుగుపరుస్తాయో, వ్యవసాయ పరిభాష దానిని ఎంతవరకు వెలికితీయగలదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విజ్ఞాన రచన, పరిభాష, పునఃసంయోజక ప్రోటీన్, ఈస్ట్, వర్ధనం, పైపాటు

1. ఉపోద్ఘాతం

తెలుగులో జనరంజక విజ్ఞాన రచనకు బలమైన కథన సంప్రదాయం ఉంది. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’ విశ్వం, మానవ పరిణామం వంటి విస్తృత విషయాలను సామాన్య పాఠకుని చేత ఆసక్తిగా చదివించాయి. ‘ఎలా పుట్టింది?’, ‘ఎవరు కనుగొన్నారు?’ అనే ప్రశ్నలకు ఆ సంప్రదాయం చక్కగా అమరుతుంది. ‘ఎలా తయారవుతుంది?’, ‘ఎక్కువగా తయారుకావాలంటే ఏం చేయాలి?’ అనే ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి భాష తడబడుతుంది.

పునఃసంయోజక ప్రోటీన్ల తయారీ తెలుగు నేలకు పరాయి విషయం కాదు. 1993లో హైదరాబాదులో ఏర్పడిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వ్యాక్-బి’ అనే హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. అదే నగరానికి చెందిన బయలాజికల్-ఇ తయారుచేసిన కోవిడ్ టీకా ‘కార్బెవ్యాక్స్’కు 2021 డిసెంబరులో అత్యవసర అనుమతి లభించింది. రెండింటిలోనూ ప్రోటీన్‌ను తయారుచేసింది పికియా పాస్టోరిస్ అనే ఈస్టే. ఇంత దగ్గరగా జరిగిన పనిని తెలుగు ఎంత నిర్దిష్టంగా చెప్పగలుగుతున్నదనేది ఇక్కడి ప్రశ్న.

2. ‘చొప్పించడం’తో ముగిసే కథ

ఈ టీకాల వివరణ సాధారణంగా రెండు వాక్యాల్లో సాగుతుంది. వైరస్ జన్యువును ఈస్ట్‌లో చొప్పిస్తారు. ఈస్ట్ ఒక కర్మాగారంలా ఆ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఇందులో అసత్యం లేదు. అయితే కథ చొప్పించడంతోనే పరాకాష్ఠకు చేరి ముగుస్తుంది. కర్మాగారం అనే రూపకం మిగిలిన పనిని యంత్రానికి అప్పగించి, పాఠకుని ఆసక్తికి అక్కడే తెర దించుతుంది.

నిజానికి జన్యువును చొప్పించాక ఎక్కువ కష్టం మొదలవుతుంది. పికియాలో కోరిన జన్యువును సాధారణంగా ఎ.ఓ.ఎక్స్.1 అనే ప్రమోటర్ అధీనంలో ఉంచుతారు. గ్లిసరాల్ సమృద్ధిగా ఉన్నంతకాలం ఆ ప్రమోటర్ పనిచేయదు. గ్లిసరాల్ తీరిపోయి మిథనాల్ అందినప్పుడు బలంగా పనిచేస్తుంది. అందువల్ల మొదట గ్లిసరాల్‌తో కణాలను దట్టంగా పెంచుతారు. అది పూర్తిగా ఖర్చయ్యాక మిథనాల్‌ను కొద్దికొద్దిగా అందిస్తారు. మోతాదు తగ్గితే కణం పస్తుంటుంది. పెరిగితే మిథనాల్, దాని నుంచి పుట్టే ఫార్మాల్డిహైడ్ కణానికి విషమవుతాయి. మిథనాల్ వినియోగానికి ఆక్సిజన్ విస్తారంగా కావాలి. వేడి కూడా విపరీతంగా పుడుతుంది. లీటరుకు 100 గ్రాములకు పైగా పొడి బరువు గల కణరాశికి చాలినంత గాలిని అందించడం, ఆ వేడిని తొలగించడం ఇంజనీరింగ్ సమస్యలు. దిగుబడికి హద్దు తరచుగా జన్యువు దగ్గర కాక ఇక్కడే ఏర్పడుతుంది.

చొప్పించే జన్యువు ప్రతుల సంఖ్య పెంచితే ప్రోటీన్ ఆ మేరకు పెరుగుతుందనే భావన కూడా కర్మాగార రూపకం నుంచి వచ్చేదే. ప్రోటీన్ గొలుసు సరైన ఆకృతిలో ముడుచుకోవాలి. కణానికి ఆ సామర్థ్యం మించిన భారం పడితే ప్రతులు పెరిగినా ఫలితం తగ్గవచ్చు.

3. ‘కిణ్వనం’: అర్థాన్ని తిరగేసే మాట

తెలుగు పాఠ్యపుస్తకాలు ‘కిణ్వనం’ అనే మాటను పులియడానికి పర్యాయంగా స్థిరపరిచాయి. ఈ మాట వినగానే తెలుగు పాఠకునికి స్ఫురించేవి ఇడ్లీపిండి, కల్లు. రెండింటిలోనూ ఒక ఊహ ఉంది: కలిపి, మూతపెట్టి, వదిలేస్తే పని దానంతటదే జరుగుతుంది. బయోరియాక్టర్‌లో వదిలేయడమనేదే లేదు. ఆక్సిజన్, ఆమ్లత, ఉష్ణోగ్రత, మేత అన్నింటినీ ఎడతెగకుండా కనిపెట్టి ఉండాలి.

అంతకంటే తీవ్రమైన చిక్కు మరొకటి ఉంది. కల్లులో ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌ను ఇస్తుంది. పికియా వర్ధనంలో ఆల్కహాల్ జాతికి చెందిన మిథనాలే ఆహారం; కల్తీసారాలో మనుషుల ప్రాణం తీసేది కూడా అదే. పులియడం ప్రధానంగా గాలి అవసరం లేని ప్రక్రియ కాగా ఇక్కడ గాలి ప్రాణాధారం. ఒకే మాట ఈ రెండింటికీ వాడినప్పుడు పాఠకుని మనసులో చిత్రం తలకిందులవుతుంది. పారిశ్రామిక ఆంగ్లంలోనూ ఇదే అస్పష్టత ఉంది. తెలుగు దానిని పరీక్షించకుండా స్వీకరించింది. ‘కణజాల వర్ధనం’లో ఇప్పటికే స్థిరపడిన ‘వర్ధనం’ అనే మాటను ఇక్కడా వాడటం మేలు.

4. ‘ఉత్పత్తి’: ఒక మాట, మూడు కొలతలు

‘ఉత్పత్తి పెరిగింది’ అన్న వాక్యం దేనిని చెబుతుంది? లీటరు ద్రవంలో ఎన్ని గ్రాముల ప్రోటీన్ ఉందన్నది ఒక కొలత. ఒక్కో కణం ఎంత తయారుచేసిందన్నది మరొకటి. తయారైనదానిలో శుద్ధిచేశాక పనికివచ్చేది ఎంత అన్నది మూడోది. కణాల సంఖ్య పెరగడం వల్ల మొదటి కొలత పెరిగి రెండోది తగ్గవచ్చు. కార్బెవ్యాక్స్ ప్రోటీన్‌ను ఈస్ట్ వెలుపలికి స్రవిస్తుంది. ఇటువంటి వర్ధనాల్లో చచ్చిన కణాల నుంచి వెలువడే ప్రోటియేజ్ ఎంజైములు ప్రోటీన్‌ను ముక్కలు చేసే ప్రమాదం ఉంది. వర్ధన ఉష్ణోగ్రతను తగ్గించడం అందుకు తెలిసిన ఉపాయాల్లో ఒకటి. వేగం కొంత తగ్గినా పనికివచ్చే ప్రోటీన్ ఎక్కువ దక్కవచ్చు. ‘ఉత్పత్తి’ అనే ఒక్క మాట ఈ బేరీజునంతా మింగేస్తుంది.

5. పైరు భాష

ఈ లోటు తీర్చే సంపద తెలుగులోనే ఉంది. నత్రజని ఎక్కువైన వరి ఏపుగా పెరిగినా గింజ సరిగా పట్టదని రైతుకు తెలుసు. పెరుగుదల వేరు, గింజ వేరు అన్న ఈ ఎరుకే బయోరియాక్టర్ నిర్వహణకు మూలసూత్రం. ఎరువును కొంత దుక్కిలో వేసి, మిగిలినది దఫదఫాలుగా పైపాటుగా వేయడం సేద్యంలో నిత్యవ్యవహారం. ఆహారమంతా మొదటే వేసే పద్ధతికి, క్రమంగా అందించే పద్ధతికి మధ్యగల భేదం ఇదే. రెండో పద్ధతికి ‘పైపాటు వర్ధనం’ అనే పేరు సహజంగా అమరుతుంది. పైపాటు యూరియా చల్లే ముందు మడిలో నీరు తీసివేయడం గ్లిసరాల్ తీరేదాకా ఆగి మిథనాల్ ఇవ్వడాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

ఈ పోలికకూ హద్దుంది. పొరపాటును దిద్దుకోవడానికి పొలం రోజుల గడువు ఇస్తుంది. దట్టమైన వర్ధనంలో ఆక్సిజన్ నిమిషాల్లో అడుగంటుతుంది. కనుక వ్యవసాయ పదాలు అవగాహనకు ద్వారంగా ఉండాలి. అంకెలు, కొలతలు వాటి వెంట రావాలి.

6. ముగింపు

ఇది పదాల ఎంపికకు మాత్రమే పరిమితమైన చర్చ కాదు. 2021లో టీకాల కొరత తలెత్తినప్పుడు ఫార్ములా పంచుకుంటే ఎవరైనా టీకా తయారుచేయగలరనే వాదన విస్తృతంగా వినిపించింది. జ్ఞానాన్ని పంచుకోవాలన్న కోరిక న్యాయమైనదే. టీకా తయారీ కాగితం మీద రాసుకోగలిగిన సూత్రం మాత్రమే అన్న ఊహ మాత్రం అసంపూర్ణం. మేత, గాలి, వేడి, సమయం గురించిన అనుభవజ్ఞానం లేకుండా అదే జన్యువు, అదే ఈస్ట్ వేర్వేరు చోట్ల వేర్వేరు ఫలితాలనిస్తాయి. చొప్పించడంతో కథను ముగించే రచన ఆ ఊహకు తెలియకుండానే ఊతమిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఈ పరిశ్రమలోకి అడుగుపెట్టే విద్యార్థికి తాను చేయబోయే పని పేరు, స్వరూపం మాతృభాషలో దొరకకపోవడం మరో నష్టం. ప్రయోగశాలలోని ఆవిష్కరణతో పాటు బయోరియాక్టర్ దగ్గరి కాపలానూ వర్ణించగలిగినప్పుడే తెలుగు విజ్ఞాన రచన ఈ విషయంలో సమగ్రమవుతుంది.