అడిగి వెళ్లడం, చెప్పి వెళ్లడం

వరలక్ష్మీ వ్రతానికి చీర కొందామని మొన్న ఓ పెద్ద షోరూముకి వెళ్లాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకమ్మాయి ఓపిగ్గా ముప్పై చీరలు విప్పి చూపించింది. కౌంటరు వెనక స్టూలు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఏళ్లుగా ఈ కాలమ్‌లో నేను అడుగుతున్నది అదే కదా! కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కునిస్తూ చట్టాలు సవరించినప్పుడు, మనకెప్పుడని ఇక్కడే రాశాను.

"కాసేపు కూర్చోమ్మా" అన్నాను.

"వద్దు మేడమ్, కెమెరాలో చూస్తారు."

ఆ మాటకు మా పెదనాన్న గుర్తొచ్చాడు. చీరాలలో బట్టల కొట్టు గుమాస్తా. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఆయన, ఎదురుగా అదే పరుపు మీద బేరానికొచ్చినవాళ్లు. ముందు అంచు చూపించి, కొంగు మాత్రం ఆఖర్న విప్పేవాడు. బట్టను బొటనవేలితో ఒక్కసారి నిమిరి, ఇది వందో నంబరు నూలు, ఇది ఎనభై అని చెప్పేసేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆ రోజు అమ్మిన చీరల ముచ్చట్లే. ఆ పరుపులు మళ్లీ రావాలి, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ సమానంగా కూర్చోవాలి అని రాద్దామనే ఈవారం మొదలుపెట్టాను.

కానీ ఆయన మోకాళ్ల సంగతో? ముప్పై ఏళ్లు బాసింపట్టు వేసుకు కూర్చుని, అరవై దాటేసరికి గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయాడు. గంటల తరబడి నిలబడితే కాళ్లలో నరాలు ఉబ్బుతాయి, కూర్చుంటే కీళ్లు బిగుస్తాయి. అయినా పెదనాన్న ఆ ఉద్యోగాన్ని ఏనాడూ తిట్టుకోలేదు. కాళ్లు పట్టేస్తే లేచి, "ఇప్పుడే వస్తా" అని షావుకారుతో చెప్పి, టీ తాగి వచ్చేవాడు. చెప్పేవాడు, అంతే. అడిగేవాడు కాదు.

కేరళలో ఆ కూర్చునే హక్కు కోసం పోరాడిన, కోజికోడ్‌లో కుట్టుపని చేసుకునే విజి, మిఠాయి వీధి దుకాణాల ఆడవాళ్లను కూడగట్టినప్పుడు కుర్చీ కన్నా ముందు అడిగింది మరుగుదొడ్డి. ఇన్నేళ్లూ నేను కుర్చీ దగ్గరే ఆగిపోయాను. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు వెళ్లాలో తన ఒంటికి తెలిసినప్పుడు ఇంకొకరి అనుమతి అక్కర్లేకపోవడం, అదీ అడగవలసింది.

"చీరలు చూపించడమంటే నాకిష్టం మేడమ్" అంది ఆ అమ్మాయి, నేను వద్దన్నవాటిని స్టూలు మీద పేరుస్తూ. సాయంత్రం నాలుగు దాటింది. స్టూలు పక్కన తన నీళ్ల సీసా నిండుగానే ఉంది.