మిగిలిన గంటలు ఎవరి చేతికి?

చీర నేయడానికి ముందు దారాన్ని సిద్ధం చేసే పని ఆసు పోయడం. చూడనివాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తాను. చెక్క చట్రానికి ఒక పక్క ఒంటి మేకు ఉంటుంది. దానికెదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. మధ్య దూరం దాదాపు మీటరు. ఇంటావిడ దారాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని ఒంటి మేకు నుంచి వరుసలో ఒక మేకుకు, అక్కడి నుంచి వెనక్కి, మళ్ళీ పక్క మేకుకు చెయ్యి ఆడిస్తూ పోతుంది. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేలసార్లు ఇటూ అటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. లెక్క తప్పితే చిటికి ముడులు కట్టి రంగుల్లో ముంచాక పువ్వు పువ్వులా రాదు, కాబట్టి మనసు మరోవైపు పోకూడదు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే పద్దెనిమిది వేలసార్లు. భుజం సంగతి ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

జనగామలో సికింద్రాబాద్ వైపు రైలెక్కితే పెంబర్తి దాటగానే ఆలేరు వస్తుంది. ఆ పక్కనే శారాజీపేట. ఆ ఊరి చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992 ప్రాంతంలో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, 1999లో పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నేను రాయదలచుకున్నది అలా మిగిలిన గంటల గురించి.

వరంగల్ వైపు కాలేజీల్లో డిగ్రీ పిల్లలకు ఆర్థికశాస్త్రం చెప్పినన్నాళ్ళూ ఉత్పాదకత పాఠానికి ఈ యంత్రమే నాకు ఉదాహరణ. పుస్తకంలో రాబర్ట్ సోలో ఉంటాడు. 1909 నుంచి 1949 వరకు అమెరికాలో గంట పనికి వచ్చే ఉత్పత్తి రెండింతలైతే, అందులో ఎనిమిదింట ఏడు వంతులు అదనపు పెట్టుబడి వల్ల వచ్చినవి కావని, పని చేసే తీరు మెరుగవడం వల్ల వచ్చినవని ఆయన 1957లో లెక్కగట్టాడు. ఆ ఏడు వంతులు ఎక్కడ పుడతాయన్నది దేశం లెక్కల్లో కనిపించదు. ఒక సంస్థ గేటు లోపల, ఒక షెడ్డులో, ఒక ఇంటి వసారాలో పుడతాయి. వాటిని చూడాలంటే పని జరిగే చోటికి వెళ్ళి, పని ఎక్కడ ఆగుతోందో చూడాలి. మల్లేశం చూసింది అదే.

ఇక్కడ పిల్లలకు ఒక చిక్కు ముడి వేసేవాణ్ణి. ఆసు పని దాదాపు మూడింతలు వేగంగా అవుతోంది కదా, మరి ఆ ఇంట్లో చీరలు మూడింతలు అయ్యాయా? కావు. మగ్గం మీద చీర నేయడానికి పట్టే రోజులు పట్టనే పడతాయి. ఆసు అయిపోయి దారం ఎదురుచూస్తూ ఉంటుంది, అంతే. చీరల సంఖ్యే ఉత్పత్తి అనుకుంటే ఆ యంత్రం సాధించింది తక్కువ. మరి ఏం సాధించింది? ఆ ఇంటావిడకు మధ్యాహ్నం దొరికింది. పక్కింటివాళ్ళకు ఆసు పోసి పెట్టి నాలుగు రూపాయలు సంపాదించే వీలు దొరికింది. ముప్పై ఏళ్ళకే ఎత్తలేకపోయే చెయ్యి ఇంకా కొన్నాళ్ళు ఎత్తగలుగుతోంది. ఇవి ఏ జాతీయ ఆదాయ పట్టికలోకీ ఎక్కవు. నా దృష్టిలో మాత్రం ఆ యంత్రం ఇచ్చిన అసలు ఫలం ఇదే. అది ఆ ఇంట్లోనే నిలవడానికి కారణం కూడా ఉంది: యంత్రం ఇంటిది.

ఒక ఏడాది ఈ పాఠం అయ్యాక భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక పిల్లాడు లేచాడు. "సార్, మా నాయిన కోల్ ఫిల్లర్. మిషన్ వచ్చినంక ఆయన పని మిషన్ చేస్తున్నది. మరి పెరిగిన ఉత్పాదకతల మా నాయిన వాటా ఎంత సార్?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఫిల్లర్ పని ఏమిటో బొగ్గు బాయి దిగినవాళ్ళకు తెలుసు. బ్లాస్టింగ్ చేశాక రాలిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్ట మోసుకెళ్ళి టబ్బులో పోయాలి. టబ్బుల లెక్కన కూలి. గాలి ఆడని ఉక్కపోత, మోకాలి దాకా బురద, నెత్తిన అప్పుడే బయటపడ్డ పైకప్పు. అది ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. తట్టా చెమ్మస్ పట్టి కొడుకులను చదివించిన తరం అది. తర్వాత బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. ఎస్‌డీఎల్ బకెట్ ఒక్క విసురుకు ఎత్తే బొగ్గును మనిషి ఎన్ని తట్టలు మోస్తే ఎత్తగలడు? పైకప్పు కింద నిలబడే మనుషులు తగ్గారు. ఆ యంత్రాలు రాకుండా ఉండాల్సింది అని నేను ఏనాడూ అనలేదు, అనను.

కానీ లెక్క చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు సంస్థలో లక్షా పదివేలకు పైగా కార్మికులు. ఏడాదికి తవ్వింది రెండు కోట్ల టన్నులకు అటూఇటూ. సంస్థ ఆ దశాబ్దంలో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తవ్వారు, పర్మినెంట్ కార్మికులు నలభై వేల పైచిలుకు. తలకు ఎన్ని టన్నులో భాగించి చూస్తే దాదాపు పది రెట్లు. ఏ పాఠ్యపుస్తకంలోనైనా సువర్ణాక్షరాలతో రాయదగ్గ ఎదుగుదల.

ఆ భాగహారంలో హారాన్ని కొంచెం పట్టి చూడాలి. ఈ ఎదుగుదలలో అధిక భాగం భూగర్భ గనులది కాదు, ఓపెన్‌కాస్ట్‌లది. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీది మట్టిని తొలగించేది ఎక్కువగా కాంట్రాక్టు సంస్థలు. కంపెనీలో కాంట్రాక్టు కార్మికులు పాతిక వేల మంది దాకా ఉన్నారు. వాళ్ళను కూడా కలిపి భాగిస్తే పది రెట్లు కాస్తా ఆరేడు రెట్ల దగ్గరికి వస్తుంది. ఆరేడు రెట్లూ చిన్న విషయం కాదు. అయినా ఆ మిగతా తేడా యంత్రం పుణ్యమా, మనిషిని ఒక రిజిస్టర్ నుంచి ఇంకో రిజిస్టర్‌కు మార్చిన పుణ్యమా అని అడిగి తీరాలి. ఓపెన్‌కాస్ట్ మింగిన పొలాలు, ఊళ్ళు కూడా ఆ లెక్కలో ఎక్కడా లేవు.

2024 సెప్టెంబరులో ఆ ఏడాది లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడికి ఐదు వేలు. అదీ సంస్థ చరిత్రలో మొదటిసారి ఇచ్చింది. ఇవ్వడం మంచిదే. ఒకే గనిలో, ఒకే దుమ్ములో పనిచేసిన ఇద్దరి మధ్య ఆ దూరం మాత్రం నాకు మింగుడు పడలేదు. నా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాలంటే ఇలా చెబుతాను: మీ నాయిన వాటాను యంత్రం తేల్చదు నాయనా. మస్టర్‌లో ఆయన పేరు ఏ పుస్తకంలో పడిందో అది తేలుస్తుంది. ఆ పుస్తకం యూనియన్లు, ప్రభుత్వం, కంపెనీ కూర్చుని రాసుకున్నది, కాబట్టి మార్చి రాయనూ వచ్చు.

2025లో ఆర్థికశాస్త్ర నోబెల్ జోయెల్ మోకిర్, ఫిలిప్ అగియోన్, పీటర్ హోవిట్‌లకు వచ్చింది. కొత్త పద్ధతి తెచ్చిన సంస్థ పాత సంస్థను పక్కకు తోస్తూ పోవడం వల్ల ఆర్థిక వ్యవస్థ ఎదుగుతుందన్నది అగియోన్, హోవిట్ 1992లో కట్టిన సిద్ధాంతం. అలా పక్కకు నెట్టబడ్డవాడికి రక్షణ లేకపోతే వాడు కొత్తదాన్ని అడ్డుకుంటాడన్నది ఆ మాటకు రెండో సగం అని నేనంటాను. మన దగ్గర మొదటి సగమే ప్రచారంలోకి వస్తోంది.

యంత్రం అనగానే కోట్ల పెట్టుబడి గుర్తొస్తుంది కానీ అన్నిసార్లూ అంత అక్కర్లేదు. నికొలస్ బ్లూమ్ బృందం ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. నూలు నిల్వ లెక్క రాసుకోవడం, మరమ్మతు వేళకు చేయడం, చిందరవందరగా ఉన్న నేల ఊడ్చి సర్దడం వంటి పద్ధతులు నేర్పితే మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. యజమానులు అప్పటిదాకా అవి ఎందుకు చేయలేదంటే, అవసరమని అనుకోలేదు కనుక. పెంబర్తిలో లక్క మీద ఇత్తడి రేకు పరిచి ఉలితో బొమ్మ లేపుతున్న కళాకారుడికి కూడా నేను కోరేది ఇలాంటిదే: రేకు కొనుగోలు, కొలిమి, మెరుగు పట్టడం తేలిక కావాలి, ఉలి పట్టిన చెయ్యి జోలికి వెళ్ళకూడదు. అచ్చు కొట్టిన రేకును ఎవరైనా అమ్మగలరు. ఆ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది ఉలి వల్ల.

ఇక మానుకోట, అంటే మహబూబాబాద్. అక్కడి మిర్చి రైతును ఖర్చు ఎక్కడ పెరిగిందని అడిగితే విత్తనం, మందులు చెప్పి, ఆఖరికి ఏరడం దగ్గర ఆగుతాడు. మిరప ఒక్కసారి పండదు. పండినకొద్దీ ఏరాలి, ఎండలో వంగి ఏరాలి, కల్లంలో తాలుకాయ వేరు చేయాలి. ఊళ్ళో కూలీలు చాలక ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చెట్ల కిందే గుడారాలు, పిల్లలకు బడి ఉండదు. కళ్ళు, వేళ్ళు మండుతూనే ఉంటాయి. ఒకేసారి పండే రకాలున్న దేశాల్లో యంత్రాలు కోస్తున్నాయి. మన రకాలకు, మన చిన్న కమతాలకు సరిపడే యంత్రం రావాల్సి ఉంది.

అది రేపు ఎవరో ఒకరు తెస్తారు. ఏ పాలిటెక్నిక్ కుర్రాడో, ఏ కంపెనీయో. తెచ్చేముందు ఏరే ఆడవాళ్ళ పక్కన ఒక సీజన్ కూర్చోమని నా కోరిక. నడుము ఎక్కడ పట్టేస్తుందో, కాయ తొడిమ ఎలా తెగుతుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రెండో కోరిక బ్యాంకులకు, ప్రభుత్వానికి. ఆ యంత్రానికి ఇచ్చే సబ్సిడీ, అప్పు పెద్ద రైతు కన్నా, మేస్త్రీ కన్నా ముందు మహిళా సంఘానికి అందాలి. ట్రాక్టర్లూ పనిముట్లూ సంఘాలే కొని అద్దెకు ఇస్తున్న చోట్లు మన రాష్ట్రంలో ఇప్పటికే ఉన్నాయి. వలస వచ్చే ఛత్తీస్‌గఢ్ కుటుంబాలకు ఏ సంఘంలోనూ పేరు లేదు. వాళ్ళ సంగతి ఏం చేయాలో ఆ పథకం రాసేవాళ్ళు మొదటి పేజీలోనే రాయాలి.