శీతల వాయురాశి తిరుగుప్రవాహం – తేమ కొలతలపై విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

శీతకాలంలో ఉత్తర అమెరికా భూభాగం నుండి పొడిబారిన శీతల వాయురాశి మెక్సికో సింధుశాఖ మీదికి దిగుతుంది. అక్కడి వెచ్చని నీరు దానికి వేడిమిని, తేమను అందిస్తుంది. దాని వెంట వచ్చిన అధికపీడనం తూర్పుకు జరిగాక గాలి దిశ మారుతుంది. రూపాంతరం చెందిన ఆ వాయురాశి తిరిగి ఉత్తరతీరం చేరుతుంది. టెక్సాస్, లూసియానా తీరాలలో పొగమంచు కమ్మడమా, ఉరుములతో వాన కురవడమా అన్నది చాలావరకు ఆ గాలి మోసుకువచ్చే తేమను బట్టి ఉంటుంది. 1988 ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగిన గఫ్‌మెక్స్ క్షేత్రప్రయోగం ఈ తిరుగుప్రవాహాన్నే అధ్యయనం చేసింది.

2. కొలతల బలాబలాలు

బెలూన్‌తో ఎగిరే రేడియోసోండ్ తేమ ఏ ఎత్తులో ఎంత ఉన్నదో చూపుతుంది. అయితే నిత్యం వాటిని ఎగురవేసే కేంద్రాలు తీరం మీదనే ఉన్నాయి. గాలి తేమను గ్రహించే నడిసముద్రం వాటికి అందదు. ఉపగ్రహం సముద్రమంతటినీ చూస్తుంది గాని, పరారుణ సాధనాలకు మేఘాలు అడ్డు. 22.235 గిగాహెర్ట్జ్ వద్ద నీటిఆవిరి వెలువరించే సూక్ష్మతరంగాలను గ్రహించే సాధనానికి వానలేని మేఘాలు పెద్ద ఆటంకం కావు. కాని అది ప్రధానంగా తెలిపేది వాయుస్తంభంలోని మొత్తం నీటిఆవిరిని మాత్రమే.

3. మొత్తం చెప్పని విషయం

కిలోగ్రాము గాలికి 10 గ్రాముల నీటిఆవిరి 100 హెక్టోపాస్కల్‌ల మందం గల పొరలో ఉన్నా, 5 గ్రాముల వంతున 200 హెక్టోపాస్కల్‌ల పొరలో ఉన్నా, మొత్తం సుమారు 10 మిల్లీమీటర్ల నీటికి సమానం. కాని ఈ రెండు స్థితుల ఫలితాలు వేరు. మొదటిది చల్లని తీరజలాల మీద సులువుగా పొగమంచు కాగలదు. నేల మీద పగటివేడికి పైనున్న పొడిగాలితో కలిసినప్పుడు త్వరగా పలుచబడుతుంది. రెండవదానిలో తేమ తక్కువైనా, లోతు వల్ల అది నిలుస్తుంది.

మొత్తాన్ని మాత్రమే సరిపోల్చి ఒక పద్ధతిని ప్రమాణీకరించడంలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. కింది పొరలో తక్కువగా, పై పొరలో ఎక్కువగా లెక్కించిన తేమ పరస్పరం రద్దయి, తప్పు కొలత సైతం ఒప్పుగా కనిపించవచ్చు.

4. ముగింపు

ఉపగ్రహ కొలత విస్తృతిని, రేడియోసోండ్ లోతును ఇస్తాయి. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. గఫ్‌మెక్స్ వంటి ప్రయోగాలలో నౌకలు, విమానాలు సముద్రం మీదికి వెళ్లవలసి రావడానికి కారణం ఇదే. కనుక ఏ కొలత పద్ధతినైనా నిగ్గుతేల్చవలసింది మొత్తం తేమను ఎంత సరిగా చెప్పిందన్న దానితో మాత్రమే కాదు. తేమపొర మందాన్ని ఎంత సరిగా పట్టుకున్నదన్న దానితో కూడా.