ఉండ విప్పే ప్రవాహం

బెండకాయలు తరిగాక రెండు వేళ్లు ఆనించి, నెమ్మదిగా విడదీసి చూడండి. మధ్యలో సన్నని జిగురు తీగ సాగుతుంది. ఉత్త నీళ్లతో తడిసిన వేళ్ల మధ్య అలాంటి తీగ నిలవదు. తేడా అంతా ఆ జిగురులోని పొడవాటి గొలుసు అణువులది. మామూలుగా అవి నూలు ఉండల్లా ముడుచుకుని ఉంటాయి. వేళ్లు విడదీసినప్పుడు ద్రవం సాగుతుంది, దాంతో పాటు ఉండలూ విచ్చుకుంటాయి. విచ్చుకున్న గొలుసు మళ్లీ ముడుచుకోవాలని వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడే తీగను తెగనివ్వదు.

ఈ పెనుగులాటను కళ్లారా చూడాలన్న పట్టుదలకు పెద్ద చరిత్రే ఉంది. 1934లో కేంబ్రిడ్జిలో జి.ఐ. టేలర్ ద్రవంలో నాలుగు రోలర్లు తిప్పి, దాన్ని ఒక దిక్కున నొక్కుతూ ఇంకో దిక్కున సాగదీసే పరికరం తయారుచేశారు. అందులో ఆయన చూసింది ద్రవపు చుక్కలు సాగి తెగే తీరును. దశాబ్దాల తర్వాత బ్రిస్టల్‌లో ఆండ్రూ కెల్లర్ బృందం సాగదీసే ప్రవాహాల్లో పాలిమర్ ద్రావణాలను పరీక్షించింది. ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ పలకల మధ్య, గొలుసులు సాగి ఒకే దిక్కుకు తిరిగిన చోట, చీకట్లో సన్నని వెలుగు గీత కనిపించేది. అది లెక్కలేనన్ని గొలుసులు కలిసి గీసిన గీత. అందులో ఏ ఒక్కటి ఏం చేస్తోందో తెలిసేది కాదు.

1974లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జిల్ ద జెన్ ఒక లెక్క వేశారు. గొలుసు ముడుచుకునే వేగంతో ప్రవాహం సాగదీసే వేగం పోటీకి వచ్చిందంటే ఉండ కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా విప్పుకుంటుందని ఆయన చెప్పారు. ముడిచిన గొడుగును గాలి పెద్దగా ఏమీ చేయలేదు. కాస్త విచ్చుకుందా, గాలికి పట్టు దొరుకుతుంది. ఉండ సంగతీ అంతే. లోపలి పోగులను బయటి పోగులు కాచుకుంటాయి. అవి వీడేకొద్దీ ప్రవాహానికి మరింత పట్టు చిక్కుతుంది.

ఆ మాట నిజమో కాదో ఒక్కొక్క గొలుసునూ చూసి తేల్చింది 1997లో స్టాన్‌ఫర్డ్‌లో పెర్కిన్స్, స్మిత్, స్టీవెన్ చూ. వాళ్లు ఎంచుకున్న పోగు లాంబ్డా అనే వైరస్ డీఎన్ఏ. కారణం ఒక్కటే: అందులో ప్రతి పోగూ సరిగ్గా ఒకే పొడవు. 48,502 అక్షర జంటలు, తిన్నగా పరిస్తే సుమారు 16 మైక్రాన్లు. దానికి మెరిసే రంగు ఎక్కించి, చిక్కని ద్రవంలో కలిపి, నాలుగు సన్నని కాలువలు కలిసే కూడలిలోకి పంపారు. రెండు కాలువల్లోంచి ద్రవం ఎదురెదురుగా వస్తుంది, మిగతా రెండింట్లోంచి వెళ్లిపోతుంది. కూడలి నట్టనడుమ కదలిక ఉండదు. అక్కడికి చేరిన పోగును ద్రవం రెండు పక్కలకూ లాగుతుంది. మైక్రోస్కోపు కింద మెరిసే చుక్క గీతగా మారుతుంటే వీడియో తీశారు.

ప్రవాహం ఒకటే, పోగుల పొడవూ ఒకటే. అయినా ఏ రెండూ ఒకేలా విప్పుకోలేదు. ఒకటి రెండు కొసల్లో ముద్ద కట్టి డంబెల్‌లా సాగింది. మరొకటి నడుమకు మడతపడి, ఆ మడత వీడక ఆలస్యమైంది. కొన్ని చాలాసేపు ఉండగానే మిగిలాయి. కూడలిలో అడుగుపెట్టే క్షణానికి పోగు ఏ ఆకారంలో ఉందన్నదే దాని దారిని తేల్చింది. దీనికి ద జెన్ అణువుల వ్యక్తిత్వం అని పేరు పెట్టారు. మడతపడ్డ పోగు ద్రవాన్ని గుంజే తీరు వేరు, తిన్నగా సాగిన పోగుది వేరు. అందుకే సగటు ఒక్కటే చూసి వేసే లెక్క ఇక్కడ చాలదు.

ఏటి నీరు ఒడ్డున నెమ్మదిగా, నడుమ జోరుగా పోతుంది. అలా పొర మీద పొర జారే ప్రవాహం సాగదీయడమే కాదు, తిప్పుతుంది కూడా. అందులో పోగు సాగుతుంది, పల్టీ కొడుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది. ఈ పల్టీలను అదే ప్రయోగశాల 1999లో చూపించింది.

ఈ చూపు విలువ ప్రయోగశాల దాటితే తెలుస్తుంది. గొట్టంలో సుడులు తిరుగుతూ పారే ద్రవానికి పిసరంత పాలిమర్ కలిపితే రాపిడి బాగా తగ్గుతుందని బి.ఎ. టామ్స్ 1948లో ప్రకటించారు. సాగే గొలుసులు గోడ దగ్గరి సుడుల జోరును అణచడమే అందుకు మూలం. 1979 నుంచి అలాస్కా చమురు పైపులైనులో ఈ ఉపాయం వాడారు. అయితే పంపుల తాకిడికి గొలుసులు తెగిపోతాయి కాబట్టి పంపు దాటాక మళ్లీ కలపాల్సిందే.

మన రక్తంలోనూ అలాంటి గొలుసు ఉంది. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ఆ ప్రోటీన్ మామూలు ప్రవాహంలో ఉండగా ముడుచుకునే తిరుగుతుంది. నాళం తెగి రక్తం జోరందుకున్న చోట విప్పుకుని ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది, రక్తస్రావం ఆగుతుంది. గుండె కవాటం ఇరుకైపోతే అక్కడి జోరుకు అది అనవసరంగా సాగుతుంది. సాగిన పోగును ఒక ఎంజైము కోసేస్తుంది. పొడవు పోగులు కరువై కొందరికి పేగుల్లో రక్తస్రావం మొదలవుతుంది. కవాటం మార్చాక చాలామందిలో అది ఆగిపోతుంది. వైద్యులు ఆ ప్రోటీన్‌ను ముట్టుకోలేదు, అది పారే దారిని సరిచేశారంతే.