అపరాజితో చిత్రమున వెలుఁగు

సత్యజిత్ రాయ్ దర్శకత్వమున వెలువడిన “అపరాజితో” (1956) 1957వ సంవత్సరమున వెనిస్ చలనచిత్రోత్సవమున సువర్ణసింహ పురస్కారమును బడసెను. అందలి యిల్లు కాశిలోనిదే యని తోఁచును. కాని యది చిత్రనిర్మాణశాలలోఁ గట్టఁబడినది. వానలకు వెఱచి కళాదర్శకుఁడు బంశీ చంద్రగుప్త యట్లు కోరఁగా, ఛాయాగ్రాహకుఁడు సుబ్రత మిత్ర సమ్మతింపఁడయ్యెను. మండువాలోఁ బడు నాకాశపు వెలుఁగునకు నీడ యుండదు. దీపకాంతి నేరుగఁ బడినచో నీడలు తప్పవు. తుద కాతఁడు మండువాపైఁ దెల్లని వస్త్రమును గట్టించి, క్రిందనుండి దీపములను దానిపైఁ బ్రసరింపఁజేసి, మరలి వ్రాలిన కాంతితోఁ జిత్రించెను. దీనిఁ బ్రకృత్యనుకరణ మనుట చాలదు. వాచ్యము మఱుఁగుపడి వ్యంగ్యము ప్రధానమైనట్లు, ఇచట దీపము మఱుఁగుపడి వెలుఁగు మాత్రమే భాసించుచున్నది. హరిహరుని మరణఘట్టమునఁ గరుణరసమునకుఁ గృత్రిమత సోఁకకుండుట కీ మఱుఁగే తోడ్పడినది.