తెలుగు నవల - కళాశాల విద్య

కళాశాల చదువు ఫలితాన్ని మన సమాజం ఉద్యోగంతోను, కట్నంతోను తూచినది. నవలాకారులు పట్టిన త్రాసు వేరు. పట్టా పుచ్చుకొని ఊరికి వచ్చిన కుమారుడు అరుగు మీది తండ్రితో ఏమి మాట్లాడగలడు, ఏమి మాట్లాడలేడు అన్నది వారి ప్రశ్న.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగం 1924లో వెలువడినది. మొగల్తూరు యువకుడు బారిష్టరు చదువుకై సీమకు పోవడంలో ఆయన చూచినది హాస్యం. టోపీ, రైలు, ఓడ పార్వతీశాన్ని తికమక పెడతాయే గాని అతని అంతరంగాన్ని తాకవు. పోగొట్టుకొన్నదేదో అతనికి తెలియదు. అందుకే మనం నవ్వగలం.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' 1946-47లో ధారావాహికంగా వచ్చేసరికి ఆ నవ్వు మాయమైనది. దయానిధి మద్రాసులో వైద్యవిద్య చదివినవాడు. తల్లిని గూర్చి లోకం చెప్పుకొనే మాట అతనిని వెంటాడుతూనే ఉన్నది. చదువు ఆ గాయాన్ని మాన్పలేదు. దానిని పరీక్షించే దృష్టిని మాత్రం ఇచ్చినది. ఆ దృష్టి తక్కువ వరమేమీ కాదు. లోకం వేసిన ముద్రను తీర్పుగా అంగీకరించకుండా నిలువగలగడం దానివల్లనే సాధ్యమైనది. అయితే అది ఒకసారి అలవడిన తరువాత విడిచిపెట్టదు. కోమలి ఎదుట గాని, అమృతం ఎదుట గాని దయానిధి ప్రేమించడం కంటె ప్రేమను గూర్చి యోచించడమే హెచ్చు. ఇంగ్లీషు ఉపన్యాసకుడుగా పనిచేసిన బుచ్చిబాబుకు ఆ చూపు విలువ, దానికి చెల్లించవలసిన వెల రెండూ తెలుసును.

నవీన్ 'అంపశయ్య' (1969)లో ఈ లెక్క మరింత బిగుసుకొన్నది. నాటి వరంగల్లు జిల్లా వావిలాలలో పుట్టి, ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివిన రచయిత, పల్లె నుండి వచ్చిన రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజును తీసుకొన్నారు. వసతిగృహం, తరగతి, మిత్రుల వాదోపవాదాలు, చేతిలో లేని డబ్బు - బాహ్యంగా ఇంతే. లోపల మాత్రం క్షణం విరామం లేదు. విశ్వవిద్యాలయం రవికి పుస్తకాలనిచ్చినది, వాదించే సాటివారినిచ్చినది. వాటితోపాటే తనను ఇతరుల కన్నులతో చూచుకొని సిగ్గుపడే అలవాటునూ ఇచ్చినది. ఈ ఆత్మనింద కొన్నిచోట్ల విసుగు పుట్టించే మాట నిజమే. కాని రవికి లేని విశ్రాంతిని పాఠకునికి ఏర్పాటు చేసి ఉంటే నవల అబద్ధమై ఉండేది.

ఇక్కడ విమర్శకులు గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. ఈ వేదనను చెప్పడానికి నవీన్ చేపట్టిన చైతన్యస్రవంతి పద్ధతి పాశ్చాత్య నవలలో రూపొందినది. పల్లెలోని కథన సంప్రదాయం దానిని ఎరుగదు. ఊరికీ తనకూ నడుమ పెరిగిన దూరాన్ని కొలిచే కొలబద్ద కూడ ఆ దూరం వెళ్ళినవానికే దొరికినది. కళాశాలను నిందించే మన నవల చాలవరకు కళాశాల ఇచ్చిన కలంతోనే వ్రాయబడినది. దీనిని కృతఘ్నత అనడం తొందరపాటు. చెల్లించినవాడే వెల చెప్పగలడు.

ఈ లెక్కలో పూరింపబడని పద్దు మరొకటి ఉన్నది. ఈ మూడు నవలలలోను చదువు పురుషుని అనుభవమే. 'అంపశయ్య'లోని విద్యార్థినులను రవి బెదురుచూపుల నుండే చూస్తాము. అదే తరగతిలో ముందు బల్లపై కూర్చున్న అమ్మాయికి ఆ రోజు ఎలా గడచినదో, సాయంత్రం ఇంటికి పోయి ఎవరికి ఏమి సమాధానం చెప్పుకొన్నదో ఆ పుటలలో లేదు.