కంచె ఎంత మేస్తే ఒప్పుకోవాలి?

ఆదివారం మా మేనల్లుడు లింబాయత్ నుంచి నన్ను డుమస్‌కు లాక్కెళ్లాడు. సూరత్ జనం అక్కడికి టమాటా భజియా కోసం వెళతారు. మేం వెళ్లింది ఓడల కోసం. హజీరాకు వచ్చిపోయే ఓడలు 162 మెగాహెర్ట్జ్ దగ్గర తమ పేరూ వేగమూ దిశా చెబుతుంటాయి. వాటిని పట్టాలని వాడి ఆశ. నల్ల ఇసుకలో వెదురుగడ పాతి, ఏంటెన్నా కట్టి, దాని మొదట్లోనే సన్నటి సంకేతాన్ని పెంచే ఎల్‌ఎన్‌ఏ బిగించాడు. తెరమీద ఓడల బదులు గడ్డి మొలిచినట్టు రొద.

"బ్యాటరీ మీదే నడుపుతున్నా కదా మామయ్యా!" అంటూ పవర్ బ్యాంక్ చూపించాడు.

పవర్ బ్యాంక్ ఉత్త బ్యాటరీ కాదని ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. లోపలి సెల్ ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు. దాన్ని 5 చేయడానికి ఓ స్విచ్ సెకనుకు లక్షలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ రొద వీహెచ్‌ఎఫ్ దాకా పాకుతుంది. పైగా వాడి ఎల్‌ఎన్‌ఏకు కరెంటు వెళ్లేది ఏంటెన్నా కేబుల్‌లోంచే. కారులోంచి 12 వోల్టుల సీసం బ్యాటరీ తెచ్చి, నా సంచిలో ఎప్పుడూ ఉండే 7805 రెగ్యులేటర్ బోర్డుతో 5కి దించాను. తీగకు ఫెర్రైట్ పూస తొడిగాను. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఎల్‌ఎన్‌ఏ పవర్ కాలికి ఆనించి పెట్టాను. జానెడు దూరంలో పెడితే మధ్య తీగే కాయిల్‌లా అడ్డుపడుతుంది. గడ్డి పోయింది. ఓడలు ఒక్కొక్కటే తేలాయి.

ఆ నిశ్శబ్దం నాకు కొత్తది కాదు. కరీంనగర్ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చిన మా నాన్న, రాత్రి షిఫ్టు లేనప్పుడు హైదరాబాద్ స్టేషన్ కోసం రేడియో తిప్పేవాడు. వీధి నిండా పవర్‌లూమ్‌లు. మోటర్ల స్టార్టర్లు పడ్డప్పుడల్లా రేడియో పటపటలాడేది, ట్యూబ్‌లైట్లు వెలిగితే గుయ్‌మనేది. నాన్న రేడియోను గుడ్డలో చుట్టి మేడెక్కేవాడు. ఎప్పుడైనా కరెంటు పోతే వీధంతా విసుక్కునేది, మా మేడ మీద మాత్రం తెలుగు వార్తలు పక్కింట్లోంచి వచ్చినంత స్పష్టంగా వినిపించేవి. నాన్న కళ్లు మూసుకుని వినేవాడు. రొద గాల్లోంచి మాత్రమే రాదని, గోడలోని తీగల్లోంచీ వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మళ్లీ ఇసుకలోకి. వాడి ఎల్‌ఎన్‌ఏ ముందు రక్షణ ఏదీ లేదు. పోయిన జూన్‌లో ఉరుముల సాయంత్రం నాది ఒకటి అలాగే చచ్చింది. పిడుగు దూరాన పడినా ఏంటెన్నా మీద పేరుకున్న విద్యుత్తు చాలు. ఆ మాటే అంటే వాడు నన్నే నిలదీశాడు: "ఎల్‌ఎన్‌ఏ ముందు పోయే ప్రతి అర డెసిబెల్ నేరుగా రొద ఖాతాలో పడుతుందని రాసింది మీరే కదా?"

రాశాను. కంచె చేను మేస్తుందని నా భయం. కానీ తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌ను తలుచుకున్నాను. 53 మెగాహెర్ట్జ్, 1024 యాగీ ఏంటెన్నాలు, కట్టిన కొత్తలో గరిష్ఠంగా 25 లక్షల వాట్ల పల్స్. ఆ ఏంటెన్నాలతోనే పై గాలుల నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని వినాలి. పల్స్ వెళ్లేటప్పుడు పిన్ డయోడ్ల తలుపు మూయకపోతే రిసీవర్ బతకదు. ఆ తలుపూ కొంత మేస్తుంది. అయినా రొదను ఉష్ణోగ్రతగా కొలిస్తే, 53 దగ్గర ఆకాశమే వేల కెల్విన్ల రొద పోస్తుంటే అర డెసిబెల్ చేర్చే 35 కెల్విన్లు ఏ మూలకి? మా 162 దగ్గరా ఆకాశమూ ఊరూ కలిసి వందల కెల్విన్లు. హైడ్రోజన్ గీత కోసం 1420 దగ్గర వినేవాళ్లకు మాత్రం పైన ఆకాశం కొద్ది కెల్విన్లే. అక్కడ ఆ 35 ప్రాణం తీస్తుంది.

కాబట్టి అన్ని చేలకూ ఒకే మాట చెప్పడం నా తప్పు. ఓడలు వినేవాళ్లు ఎదురెదురు డయోడ్ల జత, భూమికి ఓ కాయిల్, ముందో ఫిల్టర్ పెట్టండి. ఫిల్టర్ మానేయకండి. డుమస్ పక్కనే విమానాశ్రయం ఉంది, బలమైన సంకేతాలు పడితే ఆ డయోడ్లే వాటిని కలగలిపి ఓడల బ్యాండులో లేని రొద పుట్టిస్తాయి.

నేరుగా పడే పిడుగును ఇవేవీ ఆపలేవు. డుమస్‌లో ఉరుము వినిపించగానే గడను, ఏంటెన్నాను అక్కడే వదిలేసి కారెక్కండి.